స్టార్ ట్రెక్ నౌకలు: ఏ శ్రేణి దేన్ని వదులుకుంది?

నౌకలను శ్రేణులుగా పిలిచే పద్ధతి తెలుగు పాఠకులకు కొత్త కాదు. 2021 నవంబరులో నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ విశాఖపట్నం పేరు మీదే, ఆ తర్వాత అదే నమూనాతో వచ్చిన మర్ముగావ్, ఇంఫాల్, సూరత్ నౌకలన్నీ విశాఖపట్నం శ్రేణి డిస్ట్రాయర్లయ్యాయి. మొదటి నౌక పేరే శ్రేణికి పేరు. అంతరిక్ష నౌకల కథలు చెప్పే అమెరికా టీవీ ధారావాహికలు, సినిమాల వరుస స్టార్ ట్రెక్ ఈ నౌకాదళ సంప్రదాయాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంది. కాన్‌స్టిట్యూషన్, మిరాండా, ఎక్సెల్సియర్, గెలాక్సీ, నెబ్యులా, ఇంట్రెపిడ్, డిఫయంట్, సావరిన్ అన్నీ అలా వచ్చిన పేర్లే. చాలావాటికి ముఖం పోలిక ఒకటే: పళ్లెం లాంటి సాసర్, వెనక రెండు ఇంజన్లు, మధ్యలో వాటిని కలిపే దేహం. పోలిక ఒకటైనా పుట్టిన పని ఒకటి కాదు. పొడవు, వేగం, ఆయుధాల పట్టికలు పక్కపక్కన పెట్టి ఏది గొప్పదో తేల్చడం అభిమానుల్లో మామూలే. అంతకన్నా ఎక్కువ విషయం చెప్పే ప్రశ్న వేరే ఉంది: ఈ నౌక కోసం దేన్ని వదులుకున్నారు? కథలోని ఇంజనీర్లు వదులుకున్నది ఒకటి, స్టూడియోలో బొమ్మ కట్టినవాళ్లు వదులుకున్నది ఇంకొకటి. ఈ రెండిటి మధ్యే ప్రతి శ్రేణి రూపం తేలింది.

కథకు కేంద్రమైన ఎంటర్‌ప్రైజ్ నౌక తొలి నమూనా 1964లో తయారైంది. దాన్ని గీసిన కళా దర్శకుడు మ్యాట్ జెఫరీస్‌కు విమానాలు బాగా తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాల్లో పనిచేసినవాడు, స్వయంగా పైలట్. కాంతిని మించిన వేగం ఇచ్చే ఇంజన్లలో ఎంత శక్తి ఉండాలో ఊహించి, అంత ప్రమాదకరమైనవి మనుషులకు దగ్గరగా ఉండకూడదనుకున్నాడు. అందుకే అవి పొడవాటి గొట్టాలై, సన్నని స్తంభాల చివర, నౌకకు దూరంగా నిలిచాయి. ఆ గొట్టాలు నసెల్స్, వాటిని మోసే స్తంభాలు పైలాన్లు. దూరంగా పెట్టడంలో మరమ్మతు సౌకర్యమూ ఉంది: జెట్ విమానం రెక్క కింది ఇంజన్‌ను దించినట్టే, పాడైన నసెల్‌ను మొత్తంగా విప్పి మరొకటి బిగించవచ్చు. పైతొడుగును నున్నగా వదిలేయడం వెనకా ఆలోచన ఉంది. యంత్రాలు బయటికి ఉంటే ప్రతి చిన్న రిపేరుకూ ఎవరో ఒకరు శూన్యంలోకి వెళ్లాలి. లోపల ఉంటే చొక్కా చేతులు మడుచుకుని పని చేసుకోవచ్చు. నౌక మీది ఎన్‌సీసీ-1701 అన్న సంఖ్య కూడా ఊరికే వేసింది కాదు. ఎన్‌సీ అన్నవి అమెరికా పౌర విమానాల రిజిస్ట్రేషన్‌లో వాడిన అక్షరాలు. అంకెల్లో 3, 6, 8, 9లను జెఫరీస్ పక్కన పెట్టాడు, ఆనాటి టీవీ తెర మీద దూరం నుంచి చూస్తే ఒకదానికొకటి పొరపడతాయని.

289 మీటర్ల పొడవు, 430 మంది సిబ్బంది ఉన్న ఈ కాన్‌స్టిట్యూషన్ శ్రేణి వదులుకున్నది దృఢత్వం. బరువైన ఇంజన్లను సన్నని స్తంభాల చివర పెడితే, నౌక ఒక్కసారిగా తిరిగినప్పుడు ఆ బరువంతా స్తంభం మొదట్లో వంపుబలంగా పడుతుంది. సాసర్‌ను కింది దేహంతో కలిపే మెడకూ అదే కష్టం. ఇంకొకటి, మామూలు వేగంలో నౌకను తోసే ఇంపల్స్ ఇంజన్లు సాసర్ వెనక అంచున ఉన్నాయి. తోపు గీత నౌక గరిమనాభి గుండా పోకపోతే నౌక ముందుకు పోవడంతో పాటు పల్టీ కొట్టాలని కూడా చూస్తుంది. కథలో దీనికి ఇచ్చిన జవాబు, చట్రాన్ని శక్తిక్షేత్రంతో బిగించి పట్టే స్ట్రక్చరల్ ఇంటెగ్రిటీ ఫీల్డ్. అంటే ఈ నౌకలు లోహం బలం మీద కాక కరెంటు బలం మీద నిలబడ్డాయి. యుద్ధంలో శక్తి సరఫరా పడిపోగానే అంతా అంత కంగారు పడడానికి కారణం దీపాలు ఆరిపోవడం ఒక్కటే కాదు, గట్టిగా మలుపు తిప్పితే నౌక ఎముకలు విరుగుతాయి.

కింది దేహం ముందున్న గుండ్రటి డిఫ్లెక్టర్ డిష్ అలంకారంలా కనిపిస్తుంది గానీ, నిజ భౌతికశాస్త్రం లెక్కలో ఆ నౌకకు అన్నిటికన్నా అవసరమైన భాగం అదే. ఈ నౌకలకు పూర్తి ఇంపల్స్ వేగం కాంతివేగంలో నాలుగో వంతు. ఆ వేగంలో దారిలో 1 గ్రాము ధూళి ఎదురైతే ఢీకొన్నప్పుడు వెలువడే శక్తి దాదాపు 3 లక్షల కోట్ల జౌళ్లు, అంటే ఇంచుమించు 700 టన్నుల టీఎన్‌టీ పేలుడు. ఇసుక రేణువు కూడా బాంబే. కాబట్టి దారిలోని ధూళిని ముందే పక్కకు నెట్టే పరికరం లేని నౌక కదలనేకూడదు. అది ముందుకే చూడాలి, దాని ముందు ఏదీ అడ్డు రాకూడదు. సాసర్‌ను పైకి ఎత్తి, కింది దేహాన్ని వెనక్కి జరిపిన అమరికతో ఆ దారి ఖాళీగా ఉంటుంది. తర్వాతి శ్రేణుల్లో మెడ ఎంత పొట్టిగా మారినా డిష్ ముందు మాత్రం ఖాళీ ఉంచుతూనే వచ్చారు.

నసెల్స్ విషయంలో సృష్టికర్త జీన్ రోడెన్‌బెరీ పేరున కొన్ని నియమాలు డిజైనర్ల మధ్య చెలామణీ అయ్యాయి. నసెల్స్ జంటగానే ఉండాలి. ఒకదాని నుంచి చూస్తే రెండోది కనీసం సగమైనా కనబడాలి, మధ్యలో దేహం పూర్తిగా అడ్డు రాకూడదు. ముందు నుంచి చూస్తే రెండూ కనిపించాలి. నడిపే గది సాసర్ నడినెత్తిన ఉండాలి. నౌక చుట్టూ అంతరిక్షాన్ని వంచే వార్ప్ క్షేత్రం రెండు నసెల్స్ మధ్య ఏర్పడుతుందన్న ఊహ వీటి వెనక ఉంది. 1975లో ఫ్రాంజ్ జోసెఫ్ అచ్చువేసిన సాంకేతిక పుస్తకంలో ఒకే నసెల్ ఉన్న డిస్ట్రాయర్, మూడు నసెల్స్ ఉన్న డ్రెడ్‌నాట్ ఉండేవి. కొత్త నియమాల ప్రకారం అవి రెండూ చెల్లవు. ఒక శ్రేణి ఈ నియమాలను ఎక్కడ పాటించింది, ఎక్కడ దాటింది అని చూస్తే ఆ శ్రేణి స్వభావం సగం తెలిసిపోతుంది.

వేగాలు పోల్చేటప్పుడు చాలామంది పడే పొరపాటు ఒకటి ఇక్కడే చెప్పుకోవాలి. పాత, కొత్త నౌకల వార్ప్ అంకెలు ఒకే కొలబద్ద మీదివి కావు. 1960ల ధారావాహికకు సంబంధించిన పాత లెక్కలో వార్ప్ సంఖ్యను ఘనం చేస్తే కాంతివేగానికి అన్ని రెట్లు: వార్ప్ 6 అంటే 216 రెట్లు, వార్ప్ 8 అంటే 512. 1987 ధారావాహిక కోసం మైకేల్ ఒకుడా లెక్క మార్చాడు. వార్ప్ 9 వరకు ఘాతం 3 కాదు, 10/3. ఆ పైన వంపు నిట్టనిలువుగా లేచి వార్ప్ 10 దగ్గర అనంతమవుతుంది. కొత్త లెక్కలో వార్ప్ 6 అంటే 392 రెట్లు, వార్ప్ 8 అంటే 1,024, వార్ప్ 9 అంటే 1,516. పాత నౌక వార్ప్ 8, కొత్త నౌక వార్ప్ 8 ఒకటేనని రాసిన పోలిక ఏదైనా మొదటి గీతలోనే రెండింతలు తప్పు.

మెడ తీసేసిన నౌక, కొత్త ఇంజన్ వేసిన నౌక

మిరాండా శ్రేణి 1982 సినిమాలో వచ్చింది. ఎంటర్‌ప్రైజ్‌తో పోరాడే రిలయంట్ ఈ శ్రేణిదే. కాన్‌స్టిట్యూషన్ విడిభాగాలనే తీసుకుని మెడ, కింది దేహం రెండూ కోసేసినట్టుంటుంది. సాసర్ వెనకభాగమే లావై ఇంజనీరింగ్ విభాగంగా మారింది, నసెల్స్ కిందికి వేలాడాయి, పైన అడ్డకమ్మీ మీద ఆయుధాలు కూర్చున్నాయి. ఆ మార్పుకు అసలు కారణం తెర: రెండు నౌకలూ ఒకే సైన్యానివి, ఒకే రంగువి, మబ్బుల్లో ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి. అర సెకను దృశ్యంలో కూడా ఏది ఎవరిదో ప్రేక్షకుడికి తెలియాలి. కథ లోపలి నుంచి చూస్తే ఇది తక్కువ ఖర్చు నౌక. మెడ లేదు కాబట్టి విరిగే చోటు ఒకటి తగ్గింది, బరువు ఒకచోట చేరింది. వదులుకున్నది పెద్ద డిఫ్లెక్టర్ డిష్. పైన చెప్పిన ధూళి లెక్క తెలిసినవాళ్లకు ఈ నౌక ముందుభాగం చూడగానే సందేహం వస్తుంది. సాసర్ అంచున ఎక్కడో చిన్న డిఫ్లెక్టర్లు ఉన్నాయని సర్దుకోవడం తప్ప తెర మీద దానికి సరైన జవాబు లేదు.

ఎక్సెల్సియర్ 1984 సినిమా కోసం స్పెషల్ ఎఫెక్ట్స్ సంస్థ ఐఎల్ఎంలో బిల్ జార్జ్ రూపొందించినది, దాదాపు 467 మీటర్లు. కథలో ట్రాన్స్‌వార్ప్ అనే కొత్త ఇంజన్ పరీక్షకు కట్టిన నౌక. ఇంజన్ ఆశ నెరవేరలేదు గానీ దేహం మాత్రం దశాబ్దాలు పనికొచ్చింది. 1987 తర్వాతి ధారావాహికల్లో మిరాండా, ఎక్సెల్సియర్ పదేపదే కనిపించడానికి అసలు కారణం స్టూడియో గోదాములో ఆ బొమ్మలు సిద్ధంగా ఉండటం, పేరూ సంఖ్యా మారిస్తే కొత్త నౌక కావడం. కథకు దీని వల్ల చేటు జరగలేదు, మేలే జరిగింది. 1952లో తొలిసారి ఎగిరిన బీ-52 బాంబర్లు కొత్త ఎలక్ట్రానిక్స్‌తో ఇప్పటికీ అమెరికా వాయుసేనలో ఉన్నాయి. మంచి చట్రం దొరికితే ఏ సైన్యమైనా అలాగే చేస్తుంది. నిజంగా కొట్లాడే నౌకాదళంలో తాతల కాలం నౌకలు లేకపోతేనే అనుమానించాలి.

ఎక్సెల్సియర్ బొమ్మ మీద ఇంకో పాఠం ఉంది. 1994 సినిమాలో ఎంటర్‌ప్రైజ్-బీ ఈ శ్రేణిదే. కానీ దాని కింది దేహానికి రెండు పక్కలా ఉబ్బెత్తు భాగాలు అదనంగా వచ్చాయి. కథలో ఆ నౌక పక్కభాగం చీలిపోవాలి. అసలు బొమ్మను చెడగొట్టకుండా, పైన తగిలించిన భాగాన్నే చీల్చి చూపించవచ్చని అలా చేశారు. తర్వాత ఆ ఉబ్బెత్తులకు ఏ పని ఉందో ఊహించి రాసిన వివరణలు ఎన్నో వచ్చాయి.

రంగు కూడా ఇలాంటిదే. 1979 సినిమా కోసం ఎంటర్‌ప్రైజ్‌ను 305 మీటర్ల నౌకగా మార్చి, ముత్యపు మెరుపుతో పలకలు పలకలుగా రంగు వేశారు. ఆ సినిమాలో నౌక తన దీపాలతో తానే వెలుగుతున్నట్టు చిత్రీకరించారు కాబట్టి ఆ మెరుపు అద్భుతంగా పండింది. తర్వాతి సినిమాకు నీలితెర ముందు అదే బొమ్మ పెట్టేసరికి, మెరిసే పలకలు నీలిరంగును పట్టుకుని ప్రతిఫలించాయి. నేపథ్యం తీసేసినప్పుడు నౌకలో కూడా కన్నాలు పడే ప్రమాదం. ఐఎల్ఎం వాళ్లు దాని మీద మెరుపు తగ్గించాల్సి వచ్చింది. రెండు సినిమాల్లో ఒకే నౌక రెండు రకాల లోహంతో చేసినట్టు కనిపించడానికి మూలం ఇదే.

గెలాక్సీ: నగరం మోసిన నౌక

1987లో ఆండ్రూ ప్రోబర్ట్ గీసిన గెలాక్సీ శ్రేణి 642 మీటర్ల పొడవు, 42 అంతస్తులు. కాన్‌స్టిట్యూషన్‌తో పోలిస్తే పొడవు 2.2 రెట్లు. ఆకారం ఒకటే అనుకుంటే లోపలి చోటు దాదాపు 11 రెట్లు కావాలి, నిజానికి సాసర్ ఇంకా లావు కాబట్టి అంతకన్నా ఎక్కువే. మనుషులు మాత్రం ఒక ఎపిసోడ్‌లో చెప్పిన లెక్క ప్రకారం 1,014 మంది, అంటే 2.4 రెట్లు కూడా లేరు. తలకు చూసుకుంటే పాత నౌక కన్నా నాలుగు రెట్లకు పైగా చోటు. ఈ ఒక్క లెక్క చాలు, ఈ శ్రేణి దేనికోసమో తెలియడానికి. ఏళ్ల తరబడి ఇంటికి రాని ప్రయాణం, భార్యాపిల్లలతో సహా. బడి, ఆస్పత్రి, ప్రయోగశాలలు, కచేరీ గది అన్నీ లోపలే.

పిల్లలను మోసే నౌక శత్రువుకు ఎదురెళ్లకూడదు. ఈ చిక్కుకు దొరికిన పరిష్కారం సాసర్ విడిపోవడం: కుటుంబాలున్న సాసర్ వెనక్కి, ఆయుధాలున్న కింది దేహం ముందుకు. కాగితం మీద ఇది చాలా తెలివైన ఏర్పాటు. కానీ ఇందులో మూడు లోపాలున్నాయి. సాసర్‌కు సొంత వార్ప్ ఇంజన్ లేదు, ఇంపల్స్ మాత్రమే. వేగంగా పోతుండగా విడిస్తే కాసేపు ఆ ఊపులో పోతుంది, తర్వాత నక్షత్రాల మధ్య నడిసంద్రంలో చిక్కినట్టే. రెండోది, ఆయుధాల్లో పెద్దభాగం సాసర్ మీదే ఉంది. ఈ శ్రేణిలో ఫేజర్లు అనే కిరణాల ఆయుధాలు పాత నౌకలా చిన్న గుబ్బలు కావు, సాసర్ మీద పైనా కిందా పరుచుకున్న పొడవాటి పట్టీలు. పట్టీలో ఏ బిందువు నుంచైనా కాల్పు రావచ్చు కాబట్టి గుడ్డి కోణం దాదాపు ఉండదు. పళ్లెం ఆకారం ఆ పట్టీకి దొరికిన అతి మంచి వేదిక. సాసర్‌ను పంపించేస్తే పోరాటానికి మిగిలిన సగం తన ఉత్తమ ఆయుధాన్ని కూడా పంపించేసినట్టే. మూడోది, ఏ ప్రమాదమైనా విడిపోవడానికి తీరిక ఇచ్చి రాదు.

తెర మీద జరిగింది కూడా ఈ లోపాలకు తగ్గట్టే. 1989 ఎపిసోడ్‌లో యమాటో అనే గెలాక్సీ నౌక కంప్యూటర్ల వ్యవస్థలో పరాయి ప్రోగ్రాం చొరబడి, ఇంధనమైన యాంటీమ్యాటర్‌ను పట్టి ఉంచే క్షేత్రం సడలి పేలిపోయింది. 1994లో ఒడిస్సీ వెనుదిరిగి వెళ్తుండగా శత్రునౌక వచ్చి కింది దేహాన్ని ఢీకొంది. అదే ఏడాది సినిమాలో ఎంటర్‌ప్రైజ్-డీ వార్ప్ కోర్‌లో కూలెంట్ కారింది, సాసర్ సమయానికి విడిపోయింది గానీ వెనక పేలిన కింది దేహం దెబ్బకు కింద ఉన్న గ్రహం మీద కూలింది. యమాటోను, ఎంటర్‌ప్రైజ్-డీని చివరికి పేల్చింది వాటి యాంటీమ్యాటరే. ఇంధనం, దాన్ని మండించే కోర్, నిల్వ తొట్లు అన్నీ కింది దేహంలోనే చేరడం ఈ అమరికకు పుట్టుకతో వచ్చిన బలహీనత. కోర్‌ను బయటికి విసిరేసే ఏర్పాటు ఉంది. కానీ దాన్ని విసరడానికి కావలసిన నియంత్రణ వ్యవస్థలు కూడా అదే ప్రమాదంలో దెబ్బతింటాయి కాబట్టి అవసరమైన వేళ పనిచేయదు.

ఇంత ముఖ్యమైన సాసర్ విడిపోవడం ఏడేళ్ల ధారావాహికలో అతి తక్కువసార్లు కనిపించడానికి కారణం మాత్రం బొమ్మే. విడిపోయే యంత్రాంగం ఐఎల్ఎం కట్టిన 6 అడుగుల నమూనాలో ఉండేది. అది బరువు, దాన్ని కెమెరా ముందు నిలబెట్టి తిప్పడం కష్టం. మూడో సీజన్‌కు గ్రెగ్ జైన్ 4 అడుగుల నమూనా కట్టాక చిత్రీకరణ సులువైంది, కానీ అది విడిపోదు. పైగా విడిపోయే దృశ్యం వస్తే కథ ఆగి నిలబడుతుంది. నలభై అయిదు నిమిషాల ఎపిసోడ్‌లో రచయితలు దాన్ని పక్కన పెట్టడం సహజం.

నెబ్యులా శ్రేణి గురించి కొద్దిగా చాలు. గెలాక్సీ భాగాలతోనే మెడ తీసేసి దగ్గరికి చేర్చిన నౌక, మిరాండాకు కాన్‌స్టిట్యూషన్‌తో ఉన్న బంధుత్వమే దీనికి గెలాక్సీతో. పైన మార్చుకోగలిగే ఒక పాడ్ ఉంటుంది. నిఘా పని ఉంటే నిఘా పరికరాలు, యుద్ధమైతే టార్పిడోలు. 1991లో కనిపించిన ఫీనిక్స్‌కు విమాన రాడార్ పళ్లెం లాంటి పాడ్ ఉంది. నిజంగా ఒక నౌకాదళానికి డబ్బు లెక్క చూసుకుని కట్టమంటే గెలాక్సీల కన్నా ఇవే ఎక్కువ కట్టాలి.

ఇంట్రెపిడ్, డిఫయంట్: ఒకే కాలం, రెండు దారులు

1994, 1995 ఆ విశ్వంలో డిజైన్ పరంగా అతి ఆసక్తికరమైన కాలం. నగరం లాంటి నౌక తర్వాత ఏమిటన్న ప్రశ్నకు కొద్ది నెలల తేడాలో రెండు పూర్తి విరుద్ధమైన జవాబులు వచ్చాయి.

ఇంట్రెపిడ్ శ్రేణి వాయేజర్‌ను రిక్ స్టెర్న్‌బాక్ రూపొందించాడు. దాదాపు 344 మీటర్లు, 15 అంతస్తులు, 141 మంది. దేహం, సాసర్ కలిసిపోయి ఈటె మొనలా ఉంటాయి, వార్ప్ వేగానికి ముందు నసెల్స్ పైకి మడుచుకుంటాయి. ఇది నేల మీద దిగగలదు. 1966లో నౌకను ప్రతివారం గ్రహం మీద దించి చూపించడం ఖర్చు అని భయపడి, మనుషులను క్షణంలో నౌక నుంచి గ్రహం మీదికి పంపే ట్రాన్స్‌పోర్టర్ కనిపెట్టిన ధారావాహిక ఇది. ఇరవై తొమ్మిదేళ్లకు నౌకకు కాళ్లు వచ్చాయి. అందులో ఇంజనీరింగ్ ధర ఉంది. దిగే నౌకకు లోహం బలం నిజంగా కావాలి. గురుత్వాకర్షణలో నాలుగు కాళ్ల మీద నిలబడినప్పుడు పైలాన్ల చివరి నసెల్స్ కిందికి లాగుతాయి. నసెల్స్ చిన్నవిగా, పైలాన్లు పొట్టిగా ఉండటంలో ఆ తర్కం కుదిరింది.

ఈ శ్రేణి వదులుకున్నది నిల్వలు. కథలో వాయేజర్ తక్కువ కాలపు పనికి బయలుదేరి, ఏకంగా 70,000 కాంతి సంవత్సరాల దూరంలో పడింది. మొదటి రోజుల్లోనే టార్పిడోలు 38 మాత్రమే ఉన్నాయని, కొత్తవి చేసుకునే దారి లేదని సంభాషణలో వస్తుంది. ఏడేళ్లలో పేల్చినవి ఆ సంఖ్యను ఎప్పుడో దాటేశాయి, దానికి వివరణ లేదు. ఇది రచయితల లోపమే, ఎందుకంటే కొరత ఆ కథకు ప్రాణం కావాల్సింది. కొరతను నిజాయతీగా వాడుకున్న చోట కథ బలపడింది: కంప్యూటర్‌లో సిలికాన్ బదులు జీవకణాలతో చేసిన జెల్ ప్యాక్‌లు ఉండటం వల్ల వేగం వచ్చింది, దాంతో పాటు రోగాలు కూడా వచ్చాయి. వంటగదిలో తోడేసిన జున్నులోని బ్యాక్టీరియా ఆ ప్యాక్‌లకు సోకి నౌక వ్యవస్థలన్నీ ఒక్కొక్కటిగా మొరాయించిన ఎపిసోడ్ 1995లో వచ్చింది. మామూలు చిప్‌కు జబ్బు చేయదు. జీవపదార్థం వాడితే దాని శత్రువులను కూడా లోపలికి తెచ్చుకున్నట్టే. విడిభాగాలు దొరకని చోట ఇది ప్రాణాంతకమైన ఎంపిక.

వేగం అంకె కూడా కుదరదు. మొదటి ఎపిసోడ్‌లోనే ఈ నౌక వార్ప్ 9.975 వద్ద నిలకడగా పోగలదంటారు. అదే ఎపిసోడ్‌లో ఇంటికి 75 ఏళ్లంటారు. 70,000ను 75తో భాగిస్తే కాంతివేగానికి 933 రెట్లు, అంటే కొత్త కొలబద్ద మీద వార్ప్ 8 కన్నా కాస్త తక్కువ. వార్ప్ 9.9కే 3,053 రెట్లని సాంకేతిక పుస్తకం చెబుతుంది, ఆ వేగంతో 23 ఏళ్లు చాలు. రెండు మాటల్లో ఒకటి వదులుకోక తప్పదు. ఇంధనానికి ఆగడం, మరమ్మతులు, చుట్టుదారులు కలిపిన సగటు వేగం వార్ప్ 8 దగ్గర ఉంటుందని తీసుకుని, 9.975ను కొద్ది గంటల పరుగుగా చూడటం అందరికీ నప్పే సర్దుబాటు.

డిఫయంట్ ఇంకో చివర. 1994లో వచ్చిన ఈ నౌక అధికారికంగా ఎస్కార్ట్, అంటే కాపలా నౌక. అసలు పుట్టింది బోర్గ్ అనే శత్రువును ఓడించడానికి. ఇందులో కుటుంబాలు లేవు, చెప్పుకోదగ్గ ప్రయోగశాలలు లేవు, సిబ్బంది దాదాపు 50 మంది, ఒకదాని మీద ఒకటి బెర్తులు. మెడ లేదు, సాసర్ లేదు, నసెల్స్ దేహానికి అంటుకుపోయి వాటి మధ్య దేహం అడ్డంగా ఉంది. రోడెన్‌బెరీ నియమాల్లో ఒకదానికొకటి కనబడాలన్నది ఇక్కడ పోయింది. పోవడమే సబబు. కవచం వేయాలంటే కప్పాల్సిన ఉపరితలం తక్కువ ఉండాలి, దూరంగా నిలబడిన నసెల్ శత్రువుకు పెట్టిన గురి.

ఆయుధాల అమరిక దీన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. గెలాక్సీ పట్టీలు అన్ని దిక్కులకూ కాలుస్తాయి కాబట్టి నౌక తిరగాల్సిన పని లేదు. డిఫయంట్ ప్రధాన ఆయుధం ముందుకు బిగించిన నాలుగు పల్స్ ఫేజర్ ఫిరంగులు, కాల్చాలంటే నౌక ముక్కే శత్రువు వైపు తిరగాలి. ఇలాంటి నౌక చిన్నదిగా ఉండి తీరాలి. ఒకే ఆకారంలో పొడవు రెట్టింపు చేస్తే బరువు 8 రెట్లు, తిరగడానికి చూపే జడత్వం 32 రెట్లు అవుతుంది. గెలాక్సీ పరిమాణంలో బిగించిన ఫిరంగులు పెడితే గురి చూసేలోపే శత్రువు పక్కకు తప్పుకుంటాడు. చిన్న దేహం, ముందు ఫిరంగి, దగ్గరి పోరు: ఈ మూడూ కలిసే ఉంటాయి, ఒకటి తీస్తే మిగతావి పనికిరావు.

దానికి కట్టిన మూల్యం కూడా కథలో మొదటి రోజే చెప్పారు. ఇంత చిన్న దేహానికి ఇంజన్, ఆయుధాలు మరీ ఎక్కువయ్యాయి. పరీక్షల్లో పూర్తి శక్తికి తీసుకెళ్లేసరికి నౌక తనను తానే చీల్చుకోబోయింది. బోర్గ్ ముప్పు తగ్గడంతో ఆ ప్రాజెక్టును అటకెక్కించారు. ఓబ్రయన్ అనే ఇంజనీరు స్ట్రక్చరల్ ఇంటెగ్రిటీ ఫీల్డ్‌ను సరిచేసే దాకా దాని పూర్తి బలం ఎవరికీ దక్కలేదు. సన్నని మెడ లేని నౌకకు కూడా ఆ క్షేత్రమే ఆధారమైంది. తేడా ఒక్కటే, అక్కడ ఆకారం వల్ల, ఇక్కడ ఇంజన్ వల్ల. 1999లో ఈ నౌక పోయింది కూడా కవచం చీలి కాదు. బ్రీన్ జాతి ఆయుధం ఒక్కసారిగా శక్తిని లాగేసింది, నౌక చచ్చుబడింది. కరెంటు మీద నిలబడే నౌకలన్నిటికీ ఉన్న బలహీనతను కవచం దాచలేకపోయింది.

సావరిన్, కొలతల చిక్కు

1996 సినిమా కోసం జాన్ ఈవ్స్ గీసిన సావరిన్ శ్రేణి 685 మీటర్లు. గెలాక్సీ కన్నా పొడవు కాబట్టి పెద్ద నౌక అనుకుంటారు. కాదు. ఆ సినిమా మాటల ప్రకారం దీనికి 24 అంతస్తులు, గెలాక్సీకి 42. అంతస్తుకు మూడున్నర మీటర్లు వేసుకుంటే ఇది 84 మీటర్ల ఎత్తు, అది 147. సాసర్ వెడల్పు కూడా బాగా తక్కువ. లోపలి చోటులో గెలాక్సీకి చాలా వెనక. గెలాక్సీ దాదాపు చదరానికి దగ్గరగా ఉండే పాత టీవీ తెరలో పట్టాలని వెడల్పాటి అండాకారం తీసుకుంది. సావరిన్ వెడల్పు సినిమా తెర కోసం గీసినది, పక్క నుంచి చూస్తే తెర ఈ చివర నుంచి ఆ చివరకు బాణంలా సాగుతుంది. కథలో కూడా ఇది సరిగ్గా అతుకుతుంది: బోర్గ్ దాడి తర్వాత కట్టిన నౌకలో మెడ కుంచించుకుపోయింది, పక్క నుంచి కనిపించే గురి సన్నబడింది.

ఎత్తును అంతస్తులతో భాగించే ఈ చిన్న లెక్కే ఏ నౌక కొలతనైనా పరీక్షించడానికి అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. కిటికీల వరసలు లెక్కపెట్టి, వరసకు మూడు నుంచి మూడున్నర మీటర్లు వేసి, బొమ్మ నిష్పత్తితో పొడవు తేల్చాలి. ఈ పరీక్షలో తప్పేవి ఎక్కువగా చిన్న నౌకలు. డిఫయంట్‌కు 120 మీటర్లన్న లెక్కా ఉంది, 170 అన్న లెక్కా ఉంది. మధ్య తేడా 50 మీటర్లే అనిపిస్తుంది గానీ, లోపలి చోటు లెక్కలో అది 2.8 రెట్లు. యాభై మందిని 120 మీటర్ల నౌకలో పడుకోబెట్టవచ్చు. వాళ్లతో పాటు షటిల్ గది, వార్ప్ కోర్, టార్పిడో గది కూడా పట్టాలంటే 170 కావాలి. 1984లో వచ్చిన క్లింగన్ జాతి యుద్ధనౌక బర్డ్ ఆఫ్ ప్రే పరిస్థితి ఇంకా దారుణం, ఒక దృశ్యంలో ఎంటర్‌ప్రైజ్ పక్కన పిట్టలా ఉంటుంది, ఇంకో దృశ్యంలో గెలాక్సీకి సమానంగా ఎదురు నిలుస్తుంది. చిత్రీకరించేవాళ్లు ఒకే బొమ్మను కెమెరాకు దగ్గరగా, దూరంగా పెట్టి, ఆ దృశ్యానికి ఎంత భయం కావాలో అంత పెద్దది చేసుకున్నారు. అందుకే ఇలాంటి నౌకల పొడవు తేల్చేటప్పుడు బయటి దృశ్యాలను కాక లోపలి సెట్లను నమ్మాలి: మనిషి నిలబడిన తలుపు ఎత్తు ఏ ఎపిసోడ్‌లోనూ మారదు.